స్పీడ్ వంద చూపిస్తోంది, మాట మాత్రం తెగుతోంది

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తెనాలిలో ఉంటాను. చాలా ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కాలేజీలో లెక్కలు చెప్పాను. కరోనా టైంలో ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో చెప్పడం మొదలుపెట్టి ఇప్పటికీ అదే చేస్తున్నాను. పొద్దున ఆరింటికి డాలస్‌లో ఉన్న మన తెలుగు పిల్లలు ఐదుగురు, వేసవిలో అయితే అక్కడ అప్పటికి ముందురోజు రాత్రి ఏడున్నర. మళ్ళీ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా హైదరాబాద్, బెంగళూరు పిల్లలు. నాకు బ్లాక్‌బోర్డు, సుద్దముక్క, క్లాస్‌రూమ్ అన్నీ ఈ ఇంటర్నెట్టే. అది ఆగితే ఆ రోజు నా సంపాదన ఆగినట్టే.

పేపర్ తెరిస్తే బ్రాడ్‌బ్యాండ్ ప్రకటనలు కనిపిస్తాయి, 100 ఎంబీపీఎస్, 300 ఎంబీపీఎస్, అన్‌లిమిటెడ్ అని పెద్ద పెద్ద అంకెలతో. వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ మాట తెగకుండా ఉంటుందా, పాడైతే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు అన్న ముక్క ఉండదు. నేను రాస్తున్నది దాని గురించే.

పోయిన నెల ఒక రాత్రి జరిగింది చెప్తాను. డెఫినిట్ ఇంటిగ్రల్స్ చెప్తున్నాను. "ఇక్కడ మైనస్ గుర్తు మర్చిపోవద్దు" అన్నాను. ఒక పాప "ఏ గుర్తు మేడమ్?" అంది. మళ్ళీ చెప్పాను. "మేడమ్, మీ బొమ్మ ఆగిపోయింది" అన్నాడు ఇంకో అబ్బాయి. మూడోసారి చెప్పేసరికి ఇద్దరు క్లాసులోంచే పోయారు. అదే టైంలో పక్క గదిలో మా అబ్బాయి స్పీడ్ టెస్ట్ పెట్టి చూస్తే 94 వచ్చింది. మేం కట్టేది 100 ప్లాన్‌కి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మేడమ్, మీ స్పీడ్ పర్ఫెక్ట్‌గా ఉంది, మా వైపు ప్రాబ్లం ఏమీ లేదు, రూటర్‌కి దగ్గరగా కూర్చోండి" అన్నారు. నేను కూర్చున్నది రూటర్‌కి రెండడుగుల దూరంలో, అదీ వైఫై కాదు, వైరు పెట్టుకుని. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఇంతకుముందు వాడిన కంపెనీతోనూ ఇదే అనుభవం.

ఆ 94 తప్పు అంకె అని నేననడం లేదు. కానీ ఆ టెస్ట్ ఎంతదూరం వెళ్ళి కొలిచిందో చూడాలి కదా. యాప్ మామూలుగా మనకి దగ్గరున్న సర్వర్‌ని ఎంచుకుంటుంది, చాలాసార్లు అది మనకి నెట్ ఇచ్చే కంపెనీ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. మా డెల్టాలో ఎవర్నడిగినా చెప్తారు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువ మొదట్లో నీళ్ళు కొలిచి, చివరి ఆయకట్టుకి నీళ్ళిచ్చేశాం అంటే నిజాంపట్నం వైపు రైతు ఒప్పుకోడు, తన చేలోకి వచ్చి చూడమంటాడు. నా క్లాసు కూడా అంతే, కంపెనీ లోపల తిరిగి వచ్చేది కాదు. అది బయటికి పోయి, చెన్నైకో ముంబైకో చేరి, అక్కడినుంచి సముద్రం కింద కేబుల్లో దిగి డాలస్‌లో ఒక పిల్లాడి చెవి దాకా వెళ్ళాలి.

పొద్దున క్లాసుకి డేటా అక్కడికి వెళ్ళి తిరిగి రావడానికి నాకు 250 మిల్లీసెకన్లు అటూ ఇటూగా పడుతుంది. భూమికి అటువైపు ఉన్న ఊరు, ఫైబర్‌లో వెలుతురు కూడా సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది, కాబట్టి అందులో ఎవర్నీ తప్పుపట్టను, పిల్లలూ నేనూ దానికి అలవాటు పడ్డాం. గొడవల్లా ఆ 250 కాస్తా ఉన్నట్టుండి 600 అయి, మళ్ళీ 300కి వచ్చి, మళ్ళీ ఎగిరినప్పుడు. విజయవాడ వెళ్ళే పాసింజర్ రోజూ ఇరవై నిమిషాలు లేటు అంటే జనం ఆ లెక్కన స్టేషన్‌కి వస్తారు, అదే ఒకరోజు ఐదు నిమిషాలు ఒకరోజు గంటా అయితే దాన్ని నమ్ముకుని ఉద్యోగం చేయలేరు. ఈ ఎగుడుదిగుడుకే జిట్టర్ అని పేరు. దారిలో కొన్ని ముక్కలు అసలు చేరకుండా పోతే అది ప్యాకెట్ లాస్. సినిమా చూసేవాళ్ళకి ఇవి పెద్దగా తెలియవు, ఎందుకంటే యాప్ కాసేపటికి సరిపడా ముందే దించి పెట్టుకుంటుంది. నేను ఇంకా నోరు తెరిచి అనని మాటని ఏ యాప్ ముందే దించుకోగలదు? అందుకే ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్ళు, ఇంటినుంచి కాల్ సెంటర్ పని చేసేవాళ్ళు, వీడియోలో డాక్టర్‌కి చూపించుకునే పెద్దవాళ్ళు ముందు దెబ్బతింటారు, అందరికీ ఒకటే జవాబు వస్తుంది, "మీ స్పీడ్ బానే ఉంది" అని.

మరి రాత్రి ఎనిమిదికే ఎందుకిలా అవుతుంది అన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు. మా వీధికి వచ్చే కేబుల్ అబ్బాయి ఒకరోజు ఓపిగ్గా చెప్పాడు. కంపెనీ ఆఫీసులో పెద్ద డబ్బా నుంచి ఒక ఫైబర్ పోగు బయల్దేరి, స్తంభం మీద స్ప్లిటర్ అనే చిన్న పెట్టెల్లో చీలి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో వెళ్తుందట. ఆ పోగు మొత్తం మీద ఇళ్ళకి కిందికి వచ్చేది రెండున్నర జీబీపీఎస్ (ఒక జీబీపీఎస్ అంటే వెయ్యి ఎంబీపీఎస్), ఇళ్ళనుంచి పైకి వెళ్ళేది అందులో సగం, ఇళ్ళన్నీ దాన్నే పంచుకోవాలి. అయినా అందరూ ఒకేసారి ఫుల్లుగా వాడరు కాబట్టి అక్కడ ఇరుకు తక్కువేనట. "అసలు ఇరుకు ఊరి డబ్బా నుంచి పైకి వెళ్ళే లింకులో టీచర్ గారూ. కనెక్షన్లు ఇస్తూ పోతున్నారు గానీ దాన్ని పెంచట్లేదు" అన్నాడు. రాత్రి అందరూ టీవీలో సీరియళ్ళు, క్రికెట్ పెట్టేసరికి ఆ లింకు నిండిపోతుంది, నా మాట క్యూలో నిలబడుతుంది. క్యూ మరీ పెరిగితే వెనక ఉన్నవి పడేస్తారు. నా మైనస్ గుర్తు అక్కడే పోయింది.

దీనికి రూలు లేదా అంటే ఉంది, అదీ ఇవాళ్టిది కాదు. టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత మీద నిబంధనలు పెట్టింది. రద్దీ గంటల్లో లింకు వాడకం 80 శాతం లోపు ఉండాలి, 90 దాటితే ఆ నెట్‌వర్క్ ఇరుకైపోయినట్టే లెక్క, నెలలోగా కెపాసిటీ పెంచాలి అని రాశారు. ప్యాకెట్ లాస్ ఒక శాతం దాటకూడదన్నారు. పాడైతే నూటికి 90 కంప్లైంట్లు మర్నాటి పనిదినానికల్లా, 99 మూడు పనిదినాల్లో బాగవ్వాలన్నారు. మూడు రోజులు దాటితే వారం అద్దె, వారం దాటితే పదిహేను రోజుల అద్దె, పదిహేను రోజులు దాటితే నెల అద్దె వెనక్కివ్వాలన్నారు. చదివాక నాకు ఆశ్చర్యం వేసింది, ఇన్నేళ్ళలో మా వీధిలో ఒక్కరికైనా ఒక్క రూపాయి వెనక్కి వచ్చినట్టు నేను వినలేదు. ఆ తర్వాత 2024 ఆగస్టులో ఫోనుకీ బ్రాడ్‌బ్యాండ్‌కీ కలిపి కొత్త నిబంధనలు తెచ్చారు, అవి ఆ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కంపెనీ వైపు లోపం మూడు రోజుల్లో బాగుకాకపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్ళకీ ప్రీపెయిడ్ వాళ్ళకీ పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. ప్రీపెయిడ్‌ని చేర్చడం నిజంగా మంచి పని, మాలాంటివాళ్ళం డిస్కౌంట్ వస్తుందని ఆరు నెలలకి ఒకేసారి కట్టేసి కూర్చుంటాం, కోపం వచ్చినా కంపెనీ మారలేం.

ఇక ఈ మూడు రోజుల లెక్క మా ఇంట్లో ఎలా నడిచిందో చెప్తాను. మొన్న వానలకి ముందు మా రూటర్ మీద ఎర్ర లైటు వెలిగింది, ఎల్ఓఎస్ అని రాసుంటుంది దాని కింద. అంటే ఫైబర్‌లోంచి వెలుతురు రావడం లేదని. కంప్లైంట్ ఇచ్చాం, నంబరు మెసేజ్ వచ్చింది. ఆ రోజూ మర్నాడూ ఎవరూ రాలేదు. రెండోరోజు సాయంత్రం ఫోను, "మేడమ్, మీకొక ఓటీపీ వచ్చింది, చెప్తారా?" అని. ఎందుకండీ అంటే "మనిషిని పంపాలంటే పాతది క్లోజ్ చేసి కొత్తది ఓపెన్ చేయాలి" అన్నారు. నాకు తెలియక చెప్పేశాను. మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. రూటర్ మీద ఎర్ర లైటు అలాగే వెలుగుతోంది. అలా రెండుసార్లు జరిగింది. మొత్తం ఆరు రోజులు నెట్ లేదు, వాళ్ళ లెక్కలో మాత్రం మూడు కంప్లైంట్లు, మూడూ మూడు రోజుల లోపే క్లోజ్. పరిహారం అడిగితే, "సిస్టమ్‌లో మూడు రోజులు దాటలేదు మేడమ్" అన్నారు. ఆ ఆరు రోజులూ ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లాసులు చెప్పాను, రోజువారీ డేటా గంటన్నరకే అయిపోయి మళ్ళీ రీచార్జ్ చేయించుకున్నాను, డాలస్ పిల్లల తల్లిదండ్రులకి రెండు క్లాసుల డబ్బులు తిరిగిచ్చాను.

ఏడోరోజు వచ్చింది పైన చెప్పిన ఆ కేబుల్ అబ్బాయే. ఫైబర్‌లో వెలుతురు ఎంత బలంగా వస్తోందో కొలిచే, చేతిలో పట్టేంత మీటరు జేబులోంచి తీసి, మా గోడ దగ్గర వైరు పీకి దానికి పెట్టాడు. మైనస్ 34 చూపించింది. "మైనస్ ఇరవై దగ్గర ఉండాలి టీచర్ గారూ, ఇరవై ఏడు దాటితే మీ డబ్బా అందుకోలేదు" అన్నాడు. బయట మూడో స్తంభం ఎక్కితే దొరికింది, వీధి కాలువ తవ్విన జేసీబీ లాగినప్పుడు కేబుల్ మడతపడి లోపల పోగు చిట్లిపోయింది. నిచ్చెన మీదే నిలబడి, తల వెంట్రుకంత గాజు పోగుని గుడ్డతో తుడిచి, చిన్న కత్తెర లాంటిదాంతో తిన్నగా తెంపి, స్ప్లైసింగ్ మెషిన్‌లో రెండు కొసలూ ఎదురెదురు పెట్టాడు. స్క్రీన్ మీద రెండు గీతలు ఒకదానికొకటి దగ్గరికొచ్చి, చిటుక్కున నిప్పు మెరిసి ఒకటైపోయాయి. అంతా కలిపి ఇరవై నిమిషాలు. కిందికి దిగాక మంచినీళ్ళిచ్చి, "ఇంత చిన్న పనికి ఆరు రోజులెందుకు పట్టింది బాబూ?" అని అడిగాను. "మెషిన్ ఒకటే అండి, మూడు మండలాలకి. మనుషులం ఇద్దరం" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు. వానలో కరెంటు తీగల పక్కన స్తంభాలెక్కేది అతనే, మా తిట్లు తినేదీ అతనే. కనెక్షన్లు పెంచినంత వేగంగా మనుషుల్నీ మెషిన్లనీ పెంచని వాళ్ళెవరో మాకు కనపడరు, వాళ్ళ ఫోన్ నంబరు కూడా మాకు దొరకదు.

జేసీబీ సంగతి కూడా ఒక ముక్క. తవ్వేముందు కింద ఎవరి కేబుళ్ళు ఉన్నాయో తెలుసుకోవడానికి కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' అనే యాప్ తెచ్చింది. మా వీధి కాంట్రాక్టర్‌ని అడిగితే ఆ పేరే ఎప్పుడూ వినలేదన్నాడు. మున్సిపాలిటీ వాళ్ళు వర్క్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ యాప్‌లో చెప్పి తవ్వాలని ఒక షరతు పెడితే అయిపోతుంది, దానికి డబ్బు కూడా అక్కర్లేదు.

స్తంభాల మీద కేబుళ్ళ మాట వస్తే హైదరాబాద్ గుర్తొస్తుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ శాఖ వాళ్ళు స్తంభాల మీద వేలాడే కేబుళ్ళని తెంచుకుంటూ పోయారు, నా సాయంత్రం క్లాసులో ఉప్పల్ వైపు పిల్లలు ముగ్గురు కొన్నాళ్ళు కనపడలేదు. చివరికి కంపెనీలు హైకోర్టుకి వెళ్ళాయి. ప్రాణాలకంటే ఇంటర్నెట్ ఎక్కువని ఎవరూ అనరు, నేనూ అనను. ఎత్తు లేకుండా, లెక్కాపత్రం లేకుండా ఎవరికి తోచినట్టు వాళ్ళు కేబుళ్ళు లాగుతుంటే ఏళ్ళ తరబడి చూస్తూ ఊరుకుని, మనుషులు చచ్చిపోయాక ఒక్కరోజులో తెంచెయ్యడం మాత్రం పద్ధతి కాదు. మన ఏపీ ఫైబర్‌నెట్ కూడా వేల కిలోమీటర్ల కేబుల్‌ని కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దాన్ని ప్రారంభించినప్పుడు 149 రూపాయలకే నెట్ అంటే మా చుట్టుపక్కల పల్లెటూళ్ళవాళ్ళు ఎంత సంబరపడ్డారో నాకు తెలుసు. ఆ స్తంభం మీద ఏ కేబుల్ ఎవరిదో, ఎంత ఎత్తులో ఉండాలో, తెగితే ఎవరు ఎన్ని గంటల్లో అతకాలో రాసిపెట్టుకోకపోతే హైదరాబాద్‌లో జరిగింది రేపు గుంటూరులో జరుగుతుంది.

ఇప్పుడు విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోంది, దాంతోపాటు సముద్రం కింద కేబుళ్ళు కూడా నేరుగా అక్కడ ఒడ్డుకి చేరతాయంటున్నారు. మంచిదే, నాకు సంతోషమే, చెన్నై దాకా పోయే దారి కొంత తగ్గుతుంది. కానీ సముద్రంలో ఎంత లావు కేబుల్ వేసినా మా మూడో స్తంభం దగ్గర పోగు చిట్లితే నాకు వచ్చేది ఎర్ర లైటే.

మా డాలస్ పిల్లాడి తల్లి ఈ మధ్య ఒక ఫోటో పంపింది. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి ప్లాన్‌కీ ఒక లేబుల్ చూపించాలి, బిస్కెట్ ప్యాకెట్ మీద పోషకాల పట్టీ ఉంటుందే, అలా. నెలకి ఎంత, మామూలుగా వచ్చే స్పీడ్ ఎంత, పైకి ఎంత, డేటా వెళ్ళి రావడానికి పట్టే టైం ఎంత, అన్నీ ఒకే చోట. బ్రిటన్‌లో 2019 నుంచి, పరిహారం దానంతట అదే ఇచ్చే పథకంలో చేరిన కంపెనీలు బాగుచేయడం ఆలస్యం చేస్తే కస్టమర్ అడక్కుండానే రోజుకింత అని బిల్లులో జమ చేస్తున్నాయి. మనం మాత్రం కంప్లైంట్ ఇచ్చి, అది తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పీల్ అథారిటీకి రాసి, 39 రోజులు ఎదురుచూడాలి. విడి విడి కంప్లైంట్లు ట్రాయ్ తీసుకోదు. మన దగ్గర కొత్త నిబంధనల్లో జరిమానా 50 వేల నుంచి లక్షకి పెంచారు, తప్పుని బట్టి పది లక్షల దాకా వేయొచ్చు, కానీ ఆ డబ్బులో ఒక్క పైసా ఆరు రోజులు నెట్ లేక కూర్చున్నవాళ్ళకి రాదు.

నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. కంప్లైంట్ గడియారం మొదటి ఫోన్ నుంచి నడవాలి, ఓటీపీతో పాతది మూసి కొత్తది తెరిచినా అదే ఇంటికి అదే లోపమైతే ఒకే కంప్లైంట్‌గా లెక్కపెట్టాలి. ఇది ఒక్కటి చేసినా సగం నాటకం ఆగిపోతుంది. రూటర్‌లో ఎర్ర లైటు ఎప్పుడు వెలిగిందో ఎప్పుడు ఆరిందో కంపెనీ డబ్బాలో నిమిషాలతో సహా నమోదవుతుంది, పరిహారం దాన్ని చూసి దానంతట అదే పడాలి, మా ఓటీపీతో దానికి పని లేదు. నాణ్యత కొలిచేది రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, కంపెనీ గోడకి బయట ఉన్న సర్వర్‌తో కొలవాలి. మా ఊరి లింకు రద్దీ గంటల్లో ఎంత నిండుతోందో నెలనెలా బిల్లు మీద వేయాలి, రాష్ట్రం మొత్తానికి సగటు తీస్తే మా తెనాలి బాధ అందులో కలిసిపోయి కనపడదు.

తోటి పాఠకులకి ఒక మాట. నెట్ పోయిన రోజు కంప్లైంట్ నంబరు, టైం ఒక కాగితం మీద రాసుకోండి, ఎర్ర లైటు ఫోటో తీసి పెట్టుకోండి. పచ్చ లైటు వచ్చి, మీ పని మీరు ఒక పది నిమిషాలు చేసి చూసుకునే దాకా ఎవరెంత బతిమాలినా ఓటీపీ చెప్పొద్దు. కంపెనీ తేల్చకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, టెలికాం సేవల మీద అక్కడ కేసు వేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. ముందు 1915కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. నేను నా ఆరు రోజుల కాగితాలన్నీ పెట్టి కంపెనీ అప్పీల్‌కి రాశాను, అక్కడ తేలకపోతే గుంటూరు వెళ్తాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
తెనాలి